ఐదో ప్రతిలో చనిపోయిన గేదె

"సచ్చిపోయిన గేదె పేడేత్తాదా మేడంగారూ? మీరే సెప్పండి. ఏసిందా, లేదా?"

వేసింది. ప్రధానోపాధ్యాయిని గది ముందు వరండాలో, 'నిశ్శబ్దం పాటించుము' అన్న బోర్డు కింద, అందరూ చూస్తుండగా వేసింది. కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. అయినా రికార్డు ప్రకారం, బుల్లెమ్మ అనే ఆ గేదె చనిపోయి తొమ్మిది రోజులైంది.

అప్పుడు టైము మధ్యాహ్నం రెండుంపావు. నేరేడులంక ఉన్నత పాఠశాల ఆవరణలో పోలీసు జీపు ఆగి ఉంది. జీపు వెనక సీట్లో పంపన గోవిందు కూర్చుని ఉన్నాడు. గేదెను దొంగిలించి కబేళాకు అమ్మేశాడన్నది అతని మీద కేసు. వరండాలో గేదె తాడు పట్టుకుని నిలబడ్డ నాగాయమ్మ అతని తల్లి. కొడుకు అమ్మేసిందీ, తల్లి తోలుకొచ్చిందీ ఒకే గేదె.

సాయంత్రం ఐదు దాటితే గోవిందును కోర్టుకు తీసుకెళ్తారు. అతన్ని కాపాడగలిగిన మనిషి ఒక్కరే ఉన్నారు. తొమ్మిదో తరగతి బి సెక్షన్, పంపన ధరణి. గోవిందు అన్నకూతురు. ఆ పిల్ల తన వ్యాసం ఏడో ప్రతి ఇంకా మొదలుపెట్టలేదు.

ఇక్కడిదాకా ఎలా వచ్చామో చెప్పాలి. నేను ఈ బడిలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. దగ్గర నుంచి చూసినవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు చెప్పగలను.

బడులు తెరిచిన వారానికి 'రాష్ట్ర స్వానుభవ వ్యాస సవరణ మిషన్' నుంచి పద్నాలుగు పేజీల సర్క్యులర్ వచ్చింది. పిల్లలు తమ జీవితంలో జరిగిన ఒక సంఘటనను వ్యాసంగా రాయాలి. ఇందులో కొత్తేమీ లేదు. కొత్తదల్లా సవరణ. ఒకే వ్యాసాన్ని ఏడుసార్లు రాయాలి. రాసిన ప్రతిసారీ అది ముందు దానికన్నా పద్నాలుగు శాతం మెరుగుపడాలి. ఎంత మెరుగుపడిందో ట్యాబులోని యాప్ కొలుస్తుంది. మెరుగుపడకపోతే పిల్లల వ్యాసం ఎర్రగా కనబడుతుంది. ఉపాధ్యాయుడి పేరు అంతకన్నా ఎర్రగా కనబడుతుంది.

ధరణి మొదటి ప్రతి ఇలా ఉంది:

"మా గేదె బుల్లెమ్మ ఒక సాయంత్రం ఇంటికి రాలేదు. అందరం వెతికాం. పొద్దున్నే అదే వచ్చింది. మా నానమ్మ దాన్ని బాగా తిట్టింది. తర్వాత ఏడ్చింది."

అంతే. ఐదు వాక్యాలు. యాప్ దానికి వందకు నాలుగు మార్కులు వేసింది.

'సంఘర్షణ చాలదు' అని మార్జిన్‌లో సూచించడం జరిగింది. రెండో ప్రతిలో గేదె రెండు రోజులు రాలేదు. వానొచ్చింది. పద్నాలుగు శాతం.

'దానంతటది తప్పిపోతే కథేముంది? దొంగ ఉండాలి' అని సూచించడం జరిగింది. మూడో ప్రతిలో తలపాగా చుట్టుకున్న ఒక అపరిచితుడు దాన్ని తోలుకుపోయాడు. పద్నాలుగు శాతం.

'అపరిచితుడు దొంగతనం చేస్తే పాఠకుడికి నొప్పి ఉండదు. దొంగ దగ్గరివాడై ఉండాలి' అని సూచించడం జరిగింది. ఎవరిని పెట్టాలో ఆ పిల్లకు తోచలేదు. నాన్నను పెడితే అమ్మ ఊరుకోదు. అమ్మను పెడితే భోజనం ఉండదు. ఈ దశలో బాబాయి ఒకరున్న సంగతి గుర్తుచేయడం కూడా జరిగింది.

ఐదో ప్రతికి 'తిరిగిరాని నష్టం' కావాలి. గేదె కబేళాలో చనిపోయింది. ఆరో ప్రతికి 'పశ్చాత్తాపం' కావాలి. గోవిందు అమావాస్య చీకట్లో తల్లి కాళ్ళ మీద పడి నేరం ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోలు మొత్తం రెండు పేజీలు. చదివి నాకే కళ్ళు చెమర్చాయి. జిల్లాలో మొదటి స్థానం వచ్చింది. 'ఉత్తమ సవరణోపాధ్యాయ' పురస్కారానికి మా బడి నుంచి ఒక పేరు వెళ్ళింది.

మిగతా పిల్లలూ వెనకబడలేదు. సైకిలు నేర్చుకున్న రోజు గురించి రాసిన కుర్రాడికి నాలుగో ప్రతిలో రెండు కాళ్ళూ పోయాయి. అతన్ని ఖోఖో జట్టులోంచి తప్పించమని జిల్లా నుంచి ఉత్తరం వచ్చింది. మొదటిసారి ఇడ్లీలు వండిన సంగతి రాసిన అమ్మాయి ఇంటికి ఫైరింజను రెండుసార్లు వచ్చి వెళ్ళింది.

ఎందుకంటే ఆ యాప్‌లో ఇంకో సౌకర్యం ఉంది. వ్యాసంలో ప్రమాదం కనిపిస్తే కబురు సంబంధిత శాఖకూ, నేరం కనిపిస్తే ఫిర్యాదు పోలీసు స్టేషనుకూ దానంతటదే చేరుతుంది. సర్క్యులర్ పదకొండో పేజీలో ఉంది. పదకొండో పేజీ దాకా ఎవరూ వెళ్ళలేదు.

ఎస్సై బాలకోటి వరండాలోకి వచ్చి, పేడను జాగ్రత్తగా దాటి, టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మూడు రోజులుగా నిద్ర లేనివాడిలా ఉన్నాడు.

"అమ్మా, నాకూ కళ్ళున్నాయి. గేదె కనబడుతోంది. కానీ కేసులో గేదె చనిపోయింది. బతికున్న గేదెకీ నాకూ సంబంధం లేదు."

"మరి నా కొడుక్కీ నీకూ ఏటి సమ్మందం?"

"వాడు కేసులో బతికే ఉన్నాడు కదమ్మా."

ఎస్సై నా వైపు తిరిగాడు.

"పోస్టుమార్టం కోసం పశువుల డాక్టరుగారిని పంపాను మాస్టారూ. ఆయన వెళ్ళి చూసి, 'శవం సహకరించడం లేదు' అని రాసిచ్చారు. దాంతో నేనేం చెయ్యను? ఫిర్యాదు మూసెయ్యాలంటే కంప్యూటర్లో రెండే గళ్ళున్నాయి. నిందితుడు దొరికాడు, నిందితుడు పరారీ. గేదె ఇంట్లోనే ఉంది అన్న గడి లేదు. పైగా ఒప్పుకోలు ఉంది. నా సర్వీసులో ఇంత శుభ్రమైన ఒప్పుకోలు చూడలేదు. వెనకాల వాన చినుకులు కూడా ఉన్నాయి."

జీపులోంచి గోవిందు తల బయటపెట్టాడు.

"నేనెప్పుడు ఏడిశానండీ? నేను ఆ రోజు అయినవిల్లిలో కూలికెల్లానండీ బాబూ!"

"అదంతా మూడో పేరాలో ఉందిలే," అన్నాడు ఎస్సై, దయగా.

ప్రధానోపాధ్యాయిని వసుంధరాదేవిగారు నన్ను పక్కకు పిలిచారు.

"ఏమండీ, మొదటి ప్రతినే మళ్ళీ ఎక్కించేస్తే?"

"వెనక్కి వెళ్ళే వీలు లేదండి. పాతది ఎక్కిస్తే మెరుగుదల సున్నా కన్నా కిందికి పోతుంది. వ్యాసం తిరస్కరిస్తారు. ఆరోదే ఖాయమైపోతుంది."

"మరి ఏం చేద్దాం?"

"ఏడో ప్రతిలో దొంగ మారాలండి."

గేటు దగ్గర తెల్ల కారు ఆగింది. అందులోంచి మిషన్ ఉపసంచాలకులు దక్షిణామూర్తిగారు దిగారు. జిల్లా మొదటి స్థానాన్ని స్వయంగా చూడాలని వచ్చారట. వరండా మెట్లెక్కి, గేదెను చూసి, ఆగిపోయారు.

"ఇదేనా?"

"ఇదేనండి."

ఆయన కళ్ళజోడు సవరించుకుని బుల్లెమ్మను తల నుంచి తోక దాకా పరిశీలించారు. బుల్లెమ్మ కూడా ఆయన్ను పరిశీలించింది.

"ఇది మొదటి ప్రతి స్థాయి గేదె," అన్నారు.

"అంటేనండీ?"

"మేడం, అనుభవం అనేది ముడిసరుకు. సవరణ అనేది శుద్ధి. ఒక్కో సవరణతో అనుభవం సత్యానికి పద్నాలుగు శాతం దగ్గరవుతుంది. ఆ లెక్కన ఈ వరండాలో ఉన్న గేదె కన్నా ఐదో ప్రతిలో చనిపోయిన గేదె యాభై ఆరు శాతం ఎక్కువ సత్యం. ఇది మా శాఖాపరమైన దృక్పథం. ఈ గేదెను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు."

"పాలు ఏ పెతిలో ఇత్తాదండీ?" అంది నాగాయమ్మ. "యాబయ్యారు సాతం దాన్ని పిండుకు తాగండి మీరు. దీన్ని మాకొదిలెయ్యండి."

"ఎవరీవిడ?"

"ఆరో ప్రతిలో కాళ్ళు పట్టించుకున్నావిడండి," అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. రెండు చేతులూ జోడించి నాగాయమ్మకు నమస్కారం పెట్టారు. తర్వాత ప్రధానోపాధ్యాయిని గదిలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని ట్యాబు తెరిచారు. ధరణితో సహా మేమూ లోపలికి వెళ్ళాం, నాగాయమ్మ తాడు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏడో ప్రతి గురించి చెబుతాను. నిబంధన స్పష్టంగా ఉంది. చివరి ప్రతిలో ఊహించని మలుపు ఉండాలి. అసలు నేరస్థుడి పేరు బహిరంగంగా, గొంతెత్తి, ట్యాబు ముందు చదవాలి. ఐదింటికి పోర్టల్ మూసుకుంటుంది. పేరు లేకుండా చదివితే అసంపూర్ణం."

ఎస్సై ముందుకు వంగాడు. "ఏడో ప్రతిలో వేరే పేరొస్తే నేను ఇతన్ని వదిలెయ్యొచ్చాండీ?"

"తాజా ప్రతే చెల్లుతుంది."

"అయితే వదిలేస్తాను. రాయమ్మా ధరణీ. ఎవరో ఒకర్ని రాయి."

అప్పటికి మూడుంపావు. ఎవరో ఒకరు అంటే ఎవరు? ధరణి ఎవరి పేరు పెడితే వాళ్ళు జీపెక్కుతారు. అక్కడున్న పెద్దవాళ్ళందరం ఆ పిల్ల వైపు చాలా ప్రేమగా చూశాం. వసుంధరాదేవిగారు బీరువా తెరిచి బిస్కట్ల డబ్బా తీశారు.

"తినమ్మా. నిన్ను నేను ఎప్పుడైనా కొట్టానా? లేదు కదా. అది గుర్తుంటే చాలు."

"నానమ్మే దొంగ అని పెడితే?" అన్నారు ఉపసంచాలకులు, ఏదో లెక్క వేసుకుంటూ. "తన గేదెను తనే దొంగిలించుకుని, కొడుకు మీద నింద వేసి, వాడి చేత కాళ్ళు పట్టించుకుంది. ముప్పై ఒక్క శాతం ఎక్కడికీ పోదు."

"ఏటీ?" అంది నాగాయమ్మ. తాడు రెండో చేతిలోకి మార్చుకుంది. ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. నిజానికి మంచి ఆలోచన. "అమ్మాయ్, మీ తాతయ్య పేరు పెట్టు. ఆయన పోయి మూడేళ్ళయింది. పోలీసులు తీసుకెళ్ళేదేం లేదు. మలుపుకి మలుపూ, ఎవరికీ నష్టమూ లేదు."

ధరణి మొదటిసారి నోరు విప్పింది.

"తాతయ్య గేదెనమ్మడండి. బుల్లెమ్మ పుట్టినప్పుడు మూడ్రోజులు సావిట్లోనే పడుకున్నాడు."

"అది నువ్వు రాయలేదుగా?"

"మీరడగలేదుగా."

సన్నగా ఉంటుంది ఆ పిల్ల. క్లాసులో మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చుంటుంది. అడిగితే తప్ప మాట్లాడదు. ఆరు ప్రతులూ ఎలా చెప్తే అలా రాసుకొచ్చింది. సవరణకు ఇంతగా లొంగిన విద్యార్థిని నేను చూడలేదు. అలాంటిది ఇప్పుడు నోటుబుక్కూ పెన్సిలూ తీసుకుని, బిస్కట్టు ముట్టకుండా, గదిలోంచి బయటికి నడిచింది.

"ఎక్కడికి?" అన్నాం ముగ్గురం ఒకేసారి.

"మళ్ళీ రాయమన్నారు కదండీ. కనుక్కుని రాస్తాను."

నేరుగా జీపు దగ్గరికి వెళ్ళింది. మేము కిటికీ దగ్గర చేరాం. ఎస్సై వినబడేంత దూరంలో నిలబడ్డాడు, వినడం అతని ఉద్యోగం కాబట్టి.

"బాబాయ్."

"ఏటే? ఇంకా ఏం మిగిలిందని? ఉరి కూడా ఏసెయ్. రాసుకో."

"ఆ రోజు నువ్వేం చేశావు?"

"ఏ రోజు?"

"బుల్లెమ్మ రాని రోజు."

"పనికాణ్ణించొచ్చానా. మీ నానమ్మ సెప్పింది. అటునించటే కాలవ గట్టుకెల్లాను. లాకుల దాకా నడిశాను. సీసాపెంకు గుచ్చుకుంది." కాలు జీపులోంచి బయటికి చాపి మడమ చూపించాడు. "ఇదుగో. నాలుగు కుట్లు పడ్డాయి."

"నాకు చెప్పలేదే?"

"నువ్వడిగావా? గేది దొరికేసిందని గంతులేశావు."

ధరణి రాసుకుంది. గేదె దగ్గరికి వచ్చింది.

"నానమ్మా, తిట్టాక ఎందుకేడ్చావు?"

"దానికి కారనం కూడా కావాలేంటే? ముండా, సచ్చినదానా అని తిట్టాను. అది వచ్చి నా బుజం మీద మూతెట్టింది. అంతే. ఏడుపొచ్చేసింది."

అదీ రాసుకుంది. తర్వాత ఎవరి దగ్గరికి వెళ్తుందో అని వసుంధరాదేవిగారు బిస్కట్ల డబ్బా మూత పెట్టేశారు. ధరణి నా ముందుకొచ్చి నిలబడింది.

"మాస్టారూ, నా ఆరు ప్రతులూ ఇవ్వండి."

"దేనికి?"

"అవీ ఒకసారి చూసుకోవాలండి."

ఇవ్వకుండా ఉండటానికి కారణం ఆలోచించాను. అవి బడి ఆస్తి అందామనుకున్నాను. ఉపసంచాలకులు చెయ్యెత్తి అడ్డుకున్నారు. "ఇవ్వండి ఇవ్వండి. స్వీయ సింహావలోకనం. నాలుగో పేజీలో ప్రోత్సహించాం."

ఇచ్చాను. ధరణి వరండాలో పేడకు దూరంగా గచ్చు మీద వాటిని వరసగా పరిచింది. మోకాళ్ళ మీద కూర్చుని తను రాసింది కాకుండా మార్జిన్లు చదవడం మొదలుపెట్టింది. ఒక్కోదాని దగ్గర ఆగి, పెన్సిలుతో నోటుబుక్కులో ఒక ముక్క రాసుకుని, ముందుకు జరిగింది. నాలుగో దాని దగ్గర ఎక్కువసేపు ఆగింది.

నాలుగున్నర. జీపు డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. నాగాయమ్మ మొదటిసారి గేదె తాడు వదిలేసి జీపు దగ్గరికి పరిగెత్తింది. కొడుకు చెయ్యి పట్టుకుంది. ఇప్పటిదాకా ఒక్క కన్నీటిబొట్టు లేని మనిషి. "ఆణ్ణి తీసుకుపోతే నన్నూ ఎక్కించుకోండి," అంది. ఎస్సై చేత్తో సైగ చేశాడు. ఇంజను ఆగింది.

"ఇంకో ఇరవై నిమిషాలు. అంతే. అంతకన్నా నా చేతుల్లో లేదు."

నాలుగూ నలభైకి ధరణి లేచి గదిలోకి వచ్చింది. ఉపసంచాలకులు ట్యాబును బల్ల మీద నిలబెట్టి బొత్తం నొక్కారు. ఎస్సై పెన్ను క్యాపు తీశాడు. ధరణి చదవడం మొదలుపెట్టింది.

"మా గేదె పేరు బుల్లెమ్మ. ఒక సాయంత్రం అది ఇంటికి రాలేదు. మా బాబాయి కూలి నుంచి వచ్చి, అన్నం తినకుండా కాలవ గట్టున లాకుల దాకా వెతికాడు. కాలికి సీసాపెంకు గుచ్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. పొద్దున్నే బుల్లెమ్మ దానంతటదే వచ్చింది. మా నానమ్మ దాన్ని ముండా అని తిట్టింది. అది వచ్చి నానమ్మ భుజం మీద మూతి పెట్టింది. అప్పుడు నానమ్మ ఏడ్చింది. జరిగింది ఇంతే."

ఉపసంచాలకులు ట్యాబు వైపు ఆందోళనగా చూశారు. అందులో మెరుగుదల చూపించే గీత కదల్లేదు.

"ఇది మొదటిసారి రాసినప్పుడు బాబాయి కాలు సంగతి నాకు తెలియదు. మళ్ళీ రాయమన్నారు. మళ్ళీ వెళ్ళి అడిగి రమ్మని ఎవరూ చెప్పలేదు. దొంగను తెమ్మన్నారు. నేను తెచ్చాను. ఇంకా దగ్గరివాడు కావాలన్నారు. బాబాయిని తెచ్చాను. మా గేదెను ఎవరూ ఎత్తుకుపోలేదు. మా బాబాయిని ఎత్తుకుపోయారు. ఆ దొంగ ఈ గదిలోనే ఉన్నాడు."

గీత ఒక్క గెంతు గెంతింది. ట్యాబు మొత్తం ఆకుపచ్చగా మారిపోయింది.

"నలభై రెండు శాతం!" ఉపసంచాలకులు లేచి నిలబడ్డారు. "రాష్ట్రంలో ఇంతవరకూ రాని మలుపు! పేరు. పేరు చదువమ్మా. టైం లేదు."

"పేరు లేకుండా నేను గోవిందును దించలేనమ్మా," అన్నాడు ఎస్సై. "ఎవరు?"

ధరణి నోటుబుక్కు దించింది. తలెత్తి ఉపసంచాలకుల వైపు చూసింది.

నాకు గర్వంగా అనిపించింది. పిల్ల గట్టిది. పద్నాలుగు పేజీల సర్క్యులర్ మీద సంతకం ఆయనదే. న్యాయం జరగబోతోంది. ఆయనకూ అది అర్థమైంది. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు.

"మిషన్ అనేది ఒక వ్యక్తి కాదమ్మా. అదొక సమష్టి ప్రక్రియ."

"తెలుసండి," అంది ధరణి. "మిమ్మల్ని ఇవాళే చూశాను. మీకు మా ఇల్లు తెలీదు. నాకు బాబాయి ఉన్నాడని మీకు తెలీదు. దొంగ కింద ఎవర్ని పెట్టనండీ అని నేనడిగితే, 'మీ గోవిందు బాబాయి ఉన్నాడుగా' అన్నాయనకి తెలుసు. రోజూ పొద్దున్నే చెంబు పట్టుకుని మా ఇంటికొస్తాడు. బుల్లెమ్మ పాలే తాగుతాడు. ఐదో ప్రతి దిద్దిన రోజు కూడా వచ్చి తాగాడు."

గేదె తప్ప అందరూ నా వైపు తిరిగారు. ఉపసంచాలకులు ట్యాబును పట్టుకుని నెమ్మదిగా నా వైపు తిప్పారు.

"ఇప్పుడు గట్టిగా చదువమ్మా."

ధరణి నోటుబుక్కు మళ్ళీ ఎత్తింది. చివరి వాక్యం మీద వేలు పెట్టుకుని, స్పష్టంగా, ఒక్క అక్షరం కూడా మింగకుండా చదివింది.

"కందికట్ల భీమశంకరంగారు. మా తెలుగు మాస్టారు."